తేరిన నీళ్ళు

సున్నపుగడ్డ నీళ్ళలో పడగానే కాసేపు ఏమీ తెలియనట్టు ఊరుకుంటుంది. పెళ్ళిపందిట్లో ఎవరూ పలకరించని మేనత్తలా మూతి బిగించుకుని కూర్చుని, ఆ తరవాత ఒక్కసారిగా బుస్సుమని లేస్తుంది. రామలింగం ఆ బుస్సు కోసం తొట్టి గట్టు మీద నిలబడి, తల పక్కకి వంచి, చెవి ఒగ్గి వింటున్నాడు. ముందు చిటచిటలు వచ్చాయి. తరవాత గుడగుడలు. ముఖానికి వేడి ఆవిరి తగలగానే ఓ అడుగు వెనక్కి వేసి, "ఉడుకమ్మా, ఉడుకు," అన్నాడు సున్నంతో. సున్నానికి ఉడుకు ఎక్కువే గానీ, రామలింగం మాత్రం జన్మలో ఎవరి మీదా ఉడుక్కున్న మనిషి కాదు.

మోచేతులు దాటేదాకా నువ్వులనూనె పట్టించుకున్నాడు. ఈ పనిలో నూనే చొక్కా. నూనె అందని చోటల్లా సున్నం కొరుకుతుంది. అతని వేళ్ళ సందుల్లో, గోళ్ళ మొదళ్ళలో ఆ పాత కాట్లన్నీ నెర్రెలు విచ్చిన పొలంలా గీతలు గీతలుగా ఉన్నాయి. తలకి తువ్వాలు, ముక్కూ నోరూ కప్పుతూ భార్య పాతచీర ముక్క, మోకాళ్ళ పైకి ఎగదోపిన లుంగీ. బక్కమనిషి. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము దగ్గర ముందుకి వంగిపోయాడేమో, నిలబడ్డప్పుడు కూడా కూర్చోబోతున్నట్టే కనిపిస్తాడు. వచ్చినవాళ్ళెవరైనా "కూర్చో రామలింగం" అంటారు. అతను కూర్చోడు. పని ఉంటుంది.

బాపట్ల నుంచి చీరాల వెళ్ళే రోడ్డు దిగి కొంచెం లోపలికొస్తే నేతపేట. పేట చివర హనుమాన్‌ప్రసాద్ గారి నూలు రంగుల షెడ్డు. షెడ్డు వెనక మూడు సిమెంటు తొట్లు. ముందు వైపు రంగులు వేస్తారు, వెనక వైపు రామలింగం రంగులు తీస్తాడు. రంగు వేసేవాడికి మేస్త్రీ అని పేరుంది, తీసేవాడికి పేరు లేదు. "సున్నం బాబాయి" అంటారు, అంతే.

నూలు ఉడికి, రంగు తాగి, ఒళ్ళు కడుక్కుని వదిలిన నీళ్ళన్నీ మొదటి తొట్టిలోకి వస్తాయి. వాటిలో ముందు రంగు విరిచే అన్నభేది ఉప్పు కరిగించి పోస్తాడు. ఆ పైన పాలలా కలిపిన సున్నం పోసి, పొడుగాటి వెదురు కర్రతో కలియబెడతాడు. విరిగిన పాలలా రంగంతా ముక్కలు ముక్కలై మడ్డి కట్టి అడుక్కి దిగుతుంది. పైన తేట మిగులుతుంది. ఆ తేట రెండో తొట్టి దాటి మూడో తొట్టికి చేరాక, ఒకసారి చూసుకుని తూము చెక్క పైకెత్తాలి. తూములోంచి మురుక్కాలువ, కాలువ పక్కన పచ్చిక, పచ్చిక దాటితే వరిపొలాలు.

"ఒకసారి చూసుకుని." చెప్పడానికి ఎంత తేలికో! ఆ చూసుకోవడంలోనే ఉంది రామలింగం బతుకంతా.

అతను సున్నం మనిషిగా పుట్టలేదు. మగ్గం మనిషి. తాత నేశాడు, తండ్రి నేశాడు, తనూ నేశాడు. పేక నేసిన చేతులతో పేకముక్క ముట్టని మంచివాడని పేరొచ్చింది కానీ, మంచితనానికి మార్కెట్టులో ఎవరూ గజానికింత అని కట్టరు. మరమగ్గాల చీరలు దిగాక అతని మగ్గం మూలపడింది. "రామలింగం బతుకు తెల్లారిపోయిందిరా" అన్నారు పేటలో. నిజంగానే తెల్లారింది. కాళ్ళు, చేతులు, కనుబొమలు, చెవుల మీద వెంట్రుకలు, అన్నీ తెల్లగా తెల్లారాయి. బళ్ళో లెక్కల్లో సున్నాలు తెచ్చుకున్న మనిషి చివరికి సున్నంలోనే స్థిరపడ్డాడు. ఆ జోకు మొదట వేసింది అతనే. వేసి, అందరికంటే ముందు తనే నవ్వాడు. తరవాత వాళ్ళు నవ్వితే నొప్పి ఉండదని.

ఈ ఉద్యోగం పుట్టడానికి కారణం ఒక గేదె.

అప్పట్లో ఈ తొట్లు లేవు. షెడ్డులో నీళ్ళు ఏ రంగుంటే ఆ రంగుతో కాలువలో పడేవి. పేట అవతల ఉండే ఈశ్వరమ్మ తన గేదెల్ని ఆ కాలువలోకే తోలేది. ఒక మధ్యాహ్నం నల్లగా దిగిన గేదె గులాబీ రంగులో పైకొచ్చింది. గేదె గులాబీ అయితే ఈశ్వరమ్మ ఎర్రబడింది. ఆ గేదెను పలుపు పట్టుకుని బజారంతా నడిపించి షెడ్డు గుమ్మంలో కట్టేసి, "మీ పెళ్ళికూతుర్ని మీరే ఏలుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది. పేటంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. అదే నీళ్ళు కింద వీరరాఘవయ్య గారి పొలంలోకి పోయి నాటిన వరి పసుపెక్కింది. ఆయన మాటకు ముందు చెయ్యి నడుస్తుంది. ఇసుక బస్తాలు వేయించి కాలువ మూసేశాడు. కింద దారి లేని నీళ్ళు పైకి తన్ని పేటలోకి వచ్చాయి. నేతగాడి కాళ్ళు ఉండేది గుంటలో. మగ్గం గుంటలన్నీ ఎర్రనీళ్ళతో నిండాయి. ఆ నీళ్ళు తోడుకునేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడలేదు. ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగ్గా వెలగలేదు.

అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. తొట్లు కట్టిస్తానని హనుమాన్‌ప్రసాద్ ఒప్పుకున్నాడు. వీరరాఘవయ్య మాత్రం తొట్లను నమ్మలేదు. "సిమెంటుకేం తెలుసు? తూమెత్తేవాడు ఎవడో చెప్పండి. వాడి చెయ్యి నా చేతిలో వెయ్యమనండి," అన్నాడు. మగ్గం పోయి ఖాళీగా ఉన్న రామలింగాన్ని ముందుకి తోశారు. అతను వెళ్ళి ఆ రైతు మొరటు చేతిలో తన చెయ్యి పెట్టి, "రంగు నీళ్ళు దిగవండి" అన్నాడు. పదిమంది ముందు ఎవరైనా అతని మాట అడిగింది ఆ ఒక్కసారే. కట్నం అడిగినప్పుడు తండ్రిని అడిగారు, మగ్గం అమ్మినప్పుడు అన్నని అడిగారు. రామలింగాన్ని రామలింగం మాట అడిగింది వీరరాఘవయ్య ఒక్కడే.

ఆ మాటని అతను కంటికి రెప్పలా కాపాడుకున్నాడు. కన్నే మోసం చేసింది.

మధ్యాహ్నాలు సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడి సున్నం తిప్పకూడదని అతనికి తెలుసు. తెలిసినా కొన్నేళ్ళ కిందట గాలి చెప్పకుండా తిరిగింది. సున్నపు చుక్క కుడికంట్లో పడింది. ఎవరికైనా పెరట్లో పూలు పూస్తాయి, రామలింగానికి కంట్లో పూసింది. నల్లగుడ్డు మీద మల్లెమొగ్గలా తెల్లటి పువ్వు. ఎడమకన్ను ఉందిగా అని ఊరుకున్నాడు. ఈ ఏడాది వేసవి నుంచి ఆ ఎడమకంటి ముందు కూడా ఎవరో పలచటి గంజి పూసినట్టయింది. తెనాలి వెళ్ళి చూపించుకున్నాడు. డాక్టరమ్మ మంచిది. లైటు వేసి చూసి, మెల్లగా చెప్పింది: "తాతగారూ, సున్నం మానేస్తే ఉన్న చూపు ఉంటుందండి. మానకపోతే అదీ నిలవదు."

"అట్టాగేనండి," అన్నాడు.

రేపల్లె ప్యాసింజరు వెళ్ళిపోయిన ఖాళీ ప్లాట్‌ఫారం మీద కూర్చుని బాపట్ల బండి వచ్చేదాకా ఆలోచించాడు. సున్నం మానేస్తే ఏం చేయాలి? ఆ ప్రశ్న ఒకటి. తను మానేశాక తూమెత్తేవాడు ఎవడు? ఈ ప్రశ్న ఇంకొకటి. ఎవడైనా ఎత్తగలడు. చెక్క ఎత్తడానికి చెయ్యుంటే చాలు. ఎత్తకుండా ఆగడానికే మనిషి కావాలి. ఇంటికొచ్చి భార్య సుబ్బరత్నమ్మతో, "చత్వారమంట" అన్నాడు. ఆమె "ఊఁ" అంది.

ఆ రోజు నుంచి అతను కంటితో చేసే పనులన్నీ మిగతా ఒంటికి పంచాడు. సున్నం ఉడుకు చెవి చూసుకుంది. సున్నం చాలిందో లేదో వేళ్ళు చూసుకున్నాయి: సరిపడా పడితే నీళ్ళు రెండు వేళ్ళ మధ్య సబ్బులా జారతాయి. మడ్డి ఎక్కడిదాకా దిగిందో కర్ర చెప్పింది. అన్నీ కుదిరాయి. రంగొక్కటే కుదరలేదు. రంగుకి వాసన లేదు, చప్పుడు లేదు, ముట్టుకుంటే తెలియదు. మూడు తరాలుగా రంగునూలు నేసిన ఇంట్లో పుట్టినవాడికి నీళ్ళ రంగు తెలియకుండా పోయింది.

దానికీ ఒక ఉపాయం వేశాడు. రోజూ సాయంత్రం ఈశ్వరమ్మ పచ్చిక కోసుకుని ఆ దారినే పోతుంది. తొట్టి దగ్గర మోపు దించి కాసేపు ఆయాసం తీర్చుకుంటుంది. ఆమె అడుగుల చప్పుడు వినగానే రామలింగం తూము దగ్గరకి వెళ్ళి నిలబడి, వేళాకోళంగా అడుగుతాడు:

"ఈశ్వరమ్మా, ఈ నీళ్ళు తెల్లగా ఉన్నాయా, నీ చీర తెల్లగా ఉందా?"

"నా చీర ఏం చూస్తావులే అన్నయ్యా, గేదెల పేడంతా దీని మీదే. నీ నీళ్ళే తేటగా ఉన్నాయి."

అంతే. చెక్క ఎత్తుతాడు. ఒక్కోరోజు ఆమె, "అబ్బే, ఇంకా నీలముంది" అంటే, "నాకూ అదే అనిపించింది" అని ఆగుతాడు. ఆ అనిపించడం అబద్ధం. నూలుపోగంత అబద్ధం. కానీ నూలుపోగులు కలిస్తేనేగా చీర!

ఈ మధ్య ఆ ఉపాయం కూడా అతనికి ధైర్యం ఇవ్వడం లేదు. ఈశ్వరమ్మ పరాగ్గా చెబితే? పొద్దువాలి ఆమెకీ సరిగా కనపడకపోతే? ఆ భయంతో అతను ప్రతి తొట్టికీ రెండు దోసిళ్ళు సున్నం ఎక్కువ వేస్తున్నాడు. రంగు విరగడానికి సున్నం ఎక్కువైతే మంచిదేగా అని తనకి తనే చెప్పుకున్నాడు. పైగా ఇప్పటిదాకా రేపల్లె వైపు నుంచి గుల్లసున్నం వచ్చేది. ఈ నెల నుంచి తెనాలి కొట్టువాళ్ళు రాతిసున్నం పంపుతున్నారు. దాని ఘాటు ఎక్కువ. చెయ్యి మాత్రం పాత దోసిలే.

ఇవాళ షెడ్డులో పసుపు రంగు వేస్తున్నారు. శ్రావణమాసం పెళ్ళిళ్ళకి పసుపుచీరల గిరాకీ. వెదురు దండేల మీద తడి నూలు చిలపలు కట్టలు కట్టలుగా బారులు తీరి వేలాడుతున్నాయని అతనికి వాసనని బట్టి తెలుస్తోంది. అన్ని రంగుల్లోకీ పసుపంటేనే అతనికి గుండెదడ. ఎరుపూ నీలమూ అయితే గంజి పొరలోంచి నీడలాగైనా కనిపిస్తాయి. పసుపు అసలు కనిపించదు. ఎండలో ఎండలా కలిసిపోతుంది.

పన్నెండింటికి సుబ్బరత్నమ్మ క్యారియర్ తెచ్చింది. తొట్టి నీడన కూర్చోబెట్టి పళ్ళెంలో అన్నం తనే కలిపింది. కూరలో కరివేపాకు ఏరేసింది. చేపముక్కలో ముల్లు తీసి పక్కన పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు రోజూ పెట్టే చోటే, అతని కుడి మోకాలి పక్కన పెట్టింది. ఇదంతా వేసవి నుంచే మొదలైంది. ఎందుకని అతను అడగలేదు, ఎందుకో ఆమె చెప్పలేదు.

"నెమ్మదిగా తిను," అంది.

"పసుపు లోడుంది ఇవాళ."

"ఉంటే? పసుపేమన్నా పారిపోద్దా?"

పారిపోతుందేమోననే అతని భయం. ఆ మాట అనకుండా ముద్దతో పాటు మింగేశాడు.

మధ్యాహ్నం నీళ్ళు దిగాయి. అన్నభేది పోశాడు, సున్నం పోశాడు, ఆ రెండు దోసిళ్ళూ ఎక్కువే పోశాడు, కర్ర తిప్పాడు. వేళ్ళకి జారు బాగా తగిలింది. తేట ఒక తొట్టి దాటి, మరొకటి దాటి చివరి తొట్టికి చేరింది. పొద్దు పడమటికి వాలుతుండగా షెడ్డు ముందు వైపు నుంచి పెద్ద గొంతు వినిపించింది. వీరరాఘవయ్య గొంతు. ఆయన రహస్యం చెప్పినా పక్క ఊళ్ళో వినపడుతుంది.

"ఏమోయ్ ప్రసాదూ! ఎక్కడున్నావ్? బయటికి రా! ఏం మందు వదిలావు కాలవలోకి?"

"మందేంటండీ బాబాయిగారూ? లోపలికి రండి, కూర్చోండి..." హనుమాన్‌ప్రసాద్ గొంతు.

"కూర్చోటానికి రాలా! చూడు! పోసిన నారంతా చూడు! కొసలు మాడి తెల్లబడింది. రంగు నీళ్ళు పోలేదు, నేను రోజూ చూస్తున్నా. మరింకేం వదిలారు? నాటుకి ఇంకెన్నాళ్ళుంది చెప్పు?"

తొట్లనిండా నీళ్ళుండగా హనుమాన్‌ప్రసాద్ నీళ్ళు నమిలాడు. "మా దాంట్లో ఏమీ లేదండి... అదే సున్నం, అదే..."

"అబద్ధం చెప్పావంటే సున్నంలోకి ఎముక మిగలదు నీకు! రేపు పొద్దున్నకల్లా కాలవలో ఇసక బస్తాలు పడతాయి. మగ్గం గుంటల్లో చేపలు పెంచుకోండి అందరూ!"

రామలింగం కర్ర గోడకి ఆనించాడు. పేటలో సాయంత్రపు మగ్గాల చప్పుడు వినిపిస్తోంది, ఇంటింటికీ ఒక తాళం. ఆ గుంటల్లో ఇప్పుడు కాళ్ళున్నాయి. రేపు నీళ్ళుంటాయి.

ఇద్దరూ వెనక వైపుకి వచ్చారు. వీరరాఘవయ్య చేతిలో నారు కట్ట ఉంది. రామలింగం పిలవకుండానే ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఆయన కట్ట ఆ చేతిలో పెట్టాడు. రామలింగం వేళ్ళతో కొసలు తడిమాడు. పెళుసుగా విరిగాయి. ఆకు మీద పొడి పట్టింది. ఆ పొడిని బొటనవేలితో రుద్ది నాలిక చివర అంటించుకున్నాడు. చిన్నగా కొరికింది. ఆ కాటు అతనికి బాగా తెలిసినదే. రోజూ వేళ్ళ సందుల్లో పడుకుని లేచేదే.

ఎక్కువైతే మంచిదేగా అనుకున్న ఆ దోసిళ్ళు!

వీరరాఘవయ్య గొంతు తగ్గింది. రామలింగంతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ తగ్గేది. "రామలింగం, నాకీ ప్రసాదు మాట అక్కర్లా. నువ్వు చెప్పు. మా నీళ్ళలో తప్పు లేదు అని నువ్వంటే ఏదో తెగులనుకుని వెళ్ళిపోతా. మళ్ళీ నారు పోసుకుంటా. ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నా. ఇవాళా పట్టుకుంటా."

హనుమాన్‌ప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు. "చెప్పు బాబాయ్. చెప్పు, అయిపోద్ది."

నిజమే. చెబితే అయిపోతుంది. లేదండి అనే మూడక్షరాలతో బస్తాలు ఆగుతాయి, ఉద్యోగం ఆగుతుంది, పరువు ఆగుతుంది. ఆగనివి రెండే: నారు మాడటం, చూపు మాసిపోవడం. రేపు కూడా పసుపే. రేపు కూడా కనపడదు. రేపు కూడా భయమేస్తుంది.

పచ్చిక మోపు దబ్బున కింద పడ్డ చప్పుడైంది. "అమ్మో, అమ్మో, నడుం పోయింది," అంటూ ఈశ్వరమ్మ వచ్చింది. జనాన్ని చూసి, "ఏంటి, పంచాయితీ పెట్టారా? నా గేదె మీద కాదుగా?" అంది.

రామలింగం తూము దగ్గరికి నడిచాడు. ఇవాళ వేళాకోళం చేయలేదు.

"చెల్లెమ్మా, ఇట్టా రామ్మా. ఈ నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చెప్పు."

ఈశ్వరమ్మ అతన్ని చూసింది. ఆ ఇద్దర్నీ చూసింది. "నన్నడుగుతావేంటి అన్నయ్యా, నువ్వుండగా," అంది గొంతు మార్చి. కాపాడబోతోందని అతనికి అర్థమైంది.

"ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమె తొట్టిలోకి వంగింది. "...పసుపుంది అన్నయ్యా. పలచగా. చారులో పసుపేసినట్టు."

అతనికి మాత్రం తొట్టినిండా తెల్లటి పొగ కనిపిస్తోంది. ఆమె రాకపోతే, వీళ్ళు రాకపోతే, పొద్దుపోయిందని కాసేపట్లో ఎత్తేసేవాడేమో.

"నాకు కనపట్టం లేదండి వీరరాఘవయ్యగారూ," అన్నాడు. "వేసంగి నుంచే లేదు. రంగు పోయిందో లేదో తెలీక, ఎక్కడ మిగిలిపోద్దోనని సున్నం ఎక్కువేస్తన్నా. మీ నారు మాడింది వీళ్ళ రంగుతో కాదండి. నా భయంతో."

హనుమాన్‌ప్రసాద్ తెల్లబోయాడు. సున్నం దుమ్ములో ఇన్నేళ్ళుగా తెల్లబడ్డది రామలింగం ఒక్కడే, ఇవాళ యజమానికి వంతొచ్చింది. వీరరాఘవయ్య తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

"నాకెప్పుడో తెలుసు," అంది ఈశ్వరమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మొన్న షెడ్డు మూసేసిన రోజు తొట్లో ఉన్నవి వాన నీళ్ళు. వాటికీ రంగడిగావు."

"మరి అనలేదే?"

"నువ్వు రంగడిగావు, రంగు చెప్పా. కళ్ళు కనపడతన్నాయా అని నేనడిగితే నువ్వు చెప్పేవాడివా?"

వీరరాఘవయ్య గట్టు మీంచి తలెత్తాడు. "నువ్వు రాసింది సున్నమా, రామలింగం! తమలపాకుకి రాయాల్సింది నా నారుకి రాశావు గదయ్యా," అన్నాడు. తిట్టబోయాడు గానీ, సగంలో తిట్టు తడిసిపోయింది. "సరే. నారు నేను మళ్ళీ పోసుకుంటా. కానీ రేపట్నించి నాకు మాటిచ్చేదెవరు?"

"నేనివ్వలేనండి," అన్నాడు రామలింగం. అన్నాక, నోట్లోంచి ఓ పన్ను ఊడివచ్చినట్టు అక్కడంతా ఖాళీ తగిలింది.

అందరి కళ్ళూ ఒకేసారి ఈశ్వరమ్మ వైపు తిరిగాయి.

"నేనా! సున్నమా! నా గేదెల్ని ఎవరు చూస్తారు?"

"కాలవలో రంగు చూడాల్సింది నీ గేదెల కోసం కూడానేగా," అన్నాడు హనుమాన్‌ప్రసాద్. "జీతం బాబాయికి ఇచ్చిందే ఇస్తా. బాబాయికి కండెలు చుట్టే పనిస్తా, కూర్చుని చేసుకోవచ్చు."

ఈశ్వరమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "సరేలే, గేదెలకి కళ్ళున్నాయి. అవే చూసుకుంటాయి," అంది.

ముందు ఈ తొట్టి సంగతి తేలాలి. రామలింగం ఆమె మోచేతులకి నూనె రాయించాడు. "సున్నం కాదు తగ్గింది. అన్నభేది తగ్గింది. ఆ నల్ల కుండలోది ఓ ముంత పొయ్యి. ఇక సున్నం ముట్టుకోబాక. రేపు కొత్త సున్నం తడిపేటప్పుడు గడ్డల్ని నీళ్ళలో వెయ్యి, గడ్డల మీద నీళ్ళు పొయ్యబాక. ముఖం మీదికి ఎగురుద్ది. గాలి ఎటుందో ముందు చూసుకో. నేను చూసుకోలా."

ఆమె పోసింది. కర్ర తిప్పింది. అలవాటు లేక చీరంతా తడుపుకుంది, సున్నాన్నీ హనుమాన్‌ప్రసాద్‌నీ కలిపి తిట్టింది. అందరూ తొట్టి చుట్టూ చేరి ఎదురుచూశారు.

"ఏం కనపడతంది?" అన్నాడు రామలింగం.

"మడ్డి కడతంది అన్నయ్యా. ఆకుపచ్చగా, నాచులాగా. సన్నసన్న ముక్కలు. ఒకదాన్నొకటి పట్టుకుని దిగుతున్నాయి."

"తొందరపడబాక."

"పడట్లా. పైన ఓ జానెడు తేటయింది. ఇంకా దిగుతంది... అడుగు కనపడతంది. సిమెంటు మీద గీత కనపడతంది. ఎవరో మేకుతో ఏదో గీశారు."

"నేనే. తొట్టి కట్టిన రోజు," అన్నాడతను. ఆ గీత ఇన్నాళ్ళూ ఉందని అతనికి ఇవాళే తెలిసింది.

"వేలు పెట్టి చూడు. జారితే సున్నం ఇంకా మిగిలున్నట్టు, ఆగు."

"జారట్లా."

"అయితే ఎత్తు."

ఈశ్వరమ్మ రెండు చేతులతో తూము చెక్క పైకి లాగింది. నీళ్ళు గలగలమని కాలువలోకి దూకాయి. వీరరాఘవయ్య దోసిలి పట్టి ఆ నీళ్ళని సాయంత్రపు ఎండకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. హనుమాన్‌ప్రసాద్ ఫోను తీసి ఫొటోలు తీసుకుంటున్నాడు. "వీరరాఘవయ్యగారూ, చెయ్యి ఇటివ్వండి, మాటిచ్చేస్తా, నాకు పాలు పితికే టైమయింది," అంటోంది ఈశ్వరమ్మ. ఆయన పెద్దగా నవ్వుతున్నాడు. ముగ్గురూ నీళ్ళ వైపు వంగి ఉన్నారు.

రామలింగం ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకుని షెడ్డు పక్కకి తిరిగాడు. దండేల కింద నుంచి నడుస్తుంటే తడి నూలు చిలపలు భుజానికి, చెంపకి తగిలాయి. ఒకదాన్ని చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మెత్తగా, బరువుగా, చల్లగా ఉంది. వదిలేసి బజార్లోకి దిగాడు. అక్కడి నుంచి దారి తెలియడానికి కళ్ళతో పనిలేదు. కుడివైపు ఇల్లు మగ్గం కుంటుతుంది. దాని తరవాత ఇద్దరు అన్నదమ్ముల మగ్గాలు పోటీ పడతాయి. మలుపులో ముసలామె మగ్గం నాలుగు దెబ్బలకోసారి ఆగి ఆలోచిస్తుంది. చప్పుడు వెంబడి చప్పుడు పట్టుకుని, పొడి మగ్గం గుంటల ఇళ్ళన్నీ దాటుకుంటూ ఇంటివైపు నడిచాడు. వాకిట్లో సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. ఉత్త కాళ్ళతో వస్తున్న మనిషిని చూసింది. ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

తొట్టి మెట్టు పక్కన అతని రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. పైనంతా సున్నం పేరుకుని, పెచ్చులు కట్టి, తెల్లటి రాళ్ళలా ఉన్నాయి. మడమా, బొటనవేళ్ళూ ఆనిన చోట మాత్రం అవి కొన్నప్పటి నీలం రంగు అలాగే ఉంది.